చెక్కదిమ్మెపై అంత్యకాలం: డ్యూరర్ నుండి క్రానక్ వరకు ప్రకటన గ్రంథ చిత్రణ

ఉపోద్ఘాతం

బైబిలు కొత్త నిబంధనలో చివరిదైన ప్రకటన గ్రంథం యోహానుకు కలిగిన దర్శనాల సంపుటి. నలుగురు గుర్రపు రౌతులు, ఏడు తలల ఘటసర్పం, అగాధం నుండి పైకి వచ్చే క్రూరమృగం, మహా బబులోను పతనం ఇందులోని ప్రసిద్ధ ఘట్టాలు. ఈ ప్రతీకలు ఎవరిని సూచిస్తాయన్న విషయంలో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు. వ్యాఖ్యాత సందేహాన్ని సందేహంగానే ఉంచవచ్చు. చిత్రకారుడు మాత్రం మృగానికీ బబులోను స్త్రీకీ ఏదో ఒక రూపాన్నీ, వేషాన్నీ ఇవ్వక తప్పదు. పునరుజ్జీవన కాలపు జర్మన్ దారుముద్రణ చిత్రాలలో ఆ వేషం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ముద్రణ విధానం

దారుముద్రణలో చెక్కదిమ్మెపై గీసిన గీతలను ఉంచి, వాటి చుట్టూ ఉన్న కొయ్యను తొలచివేస్తారు. ఉబ్బెత్తుగా మిగిలిన గీతలకు సిరా పూసి కాగితంపై అద్దుతారు. అక్షరాల అచ్చులు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి గనుక పాఠాన్నీ బొమ్మనూ ఒకే యంత్రంపై ముద్రించవచ్చు. పుస్తకం వెలువడిన తరువాత కూడా దిమ్మెలోని ఒక గీతను చెక్కివేయడం తేలిక. పోయిన గీతను తిరిగి నిలపడం కష్టం.

డ్యూరర్ చిత్రాలు (1498)

న్యూరెంబర్గ్‌లో 1483లో ఆంటన్ కోబెర్గర్ ముద్రించిన జర్మన్ బైబిలులో బొమ్మలు పాఠం నడుమ ఇమిడి ఉంటాయి. అదే నగరవాసి ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1498లో 15 చిత్రాలతో ప్రకటన గ్రంథాన్ని జర్మన్, లాటిన్ ప్రతులుగా స్వయంగా ప్రచురించి ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. బొమ్మ పుటనంతా ఆక్రమించగా పాఠం వెనుక పుటకు చేరింది. రౌతుల చిత్రంలో నాలుగు గుర్రాలు ఒకే ఉరవడితో మనుషులను తొక్కుకుంటూ సాగుతాయి; అడుగున ఒక కిరీటధారి పాతాళపు నోట పడుతుంటాడు. తీర్పు ఉన్నతులనూ వదలదన్న భావం స్పష్టం. అయితే ఆ కిరీటధారి ఫలానా వ్యక్తి అని చెప్పే గుర్తు లేదు. బబులోను స్త్రీకి డ్యూరర్ తాను వెనిస్‌లో చూసిన స్త్రీల వేషధారణను ఇచ్చాడు. అది ఐహిక విలాసానికి సంకేతం.

క్రానక్ చిత్రాలు (1522)

1522 సెప్టెంబరులో విట్టెన్‌బర్గ్ నుండి మార్టిన్ లూథర్ కొత్త నిబంధన అనువాదం వెలువడింది. ప్రకటన గ్రంథం దైవప్రేరితమన్న నమ్మకం తనకు కలగడం లేదన్న భావాన్ని లూథర్ దాని ముందుమాటలో వ్యక్తం చేశాడు. అయినా పుటనిండా చిత్రాల వరుస దక్కింది ఆ ఒక్క గ్రంథానికే. లూకాస్ క్రానక్ చిత్రశాల డ్యూరర్ కూర్పులను ఆధారం చేసుకొని 21 చిత్రాలను రూపొందించింది. వాటిలో అగాధం నుండి వచ్చిన మృగం తలపైనా, బబులోను స్త్రీ తలపైనా పోపు ధరించే మూడంతస్తుల కిరీటం కనిపిస్తుంది. దానితో భవిష్యత్తుకు చెందిన శత్రువు సమకాలీన రోమ్ పీఠాధిపతి అయ్యాడు.

సాక్సనీ డ్యూక్ జార్జ్ తన ఏలుబడిలో ఈ అనువాదాన్ని నిషేధించాడు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన రెండవ ముద్రణలో కిరీటాల పై అంతస్తులు మాయమై మామూలు కిరీటాలు మిగిలాయి. 1534లో వెలువడిన లూథర్ సంపూర్ణ బైబిలు కోసం కొత్త దిమ్మెలు చెక్కినప్పుడు మూడంతస్తుల కిరీటం తిరిగి వచ్చింది.

ముగింపు

సెప్టెంబరు, డిసెంబరు ముద్రణల మధ్య దర్శన పాఠంలోని మృగమూ స్త్రీ మారలేదు. మారింది కొన్ని గీతలు మాత్రమే. చదువు రానివారికి సైతం ఆ గీతలు ప్రత్యర్థిని దైవవిరోధిగా చూపాయి. అలా చూపిన తరువాత మతవివాదంలో రాజీకి చోటు కుంచించుకుపోతుంది. కిరీటాన్ని చెక్కివేయించిన వెనుకంజ, పన్నెండేళ్ళకు దానిని మళ్ళీ చెక్కించిన ధైర్యం రెండూ సంస్కరణోద్యమ బలాబలాలకు కొలమానాలు. ఒకే ముద్రణను చూసే పరిశోధకునికి ఈ చరిత్ర అందదు. దారుముద్రణ చిత్రాన్ని ముద్రణల వారీగా పోల్చి చదివినప్పుడే అది చారిత్రక ఆధారంగా పలుకుతుంది.