పులిరాజాకు ఎయిడ్స్ ఎందుకొస్తుంది?

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న 2003-04 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హోర్డింగుల మీద కనిపించేది. అప్పటికి నేను పలక మీద అ, ఆలు దిద్దుకుంటున్నాను. ఇప్పుడు మా ఆఫీసులో సీనియర్ల నోట అదొక జోకు. ఎవడైనా వీకెండ్ పార్టీ కబుర్లు మొదలెడితే చాలు, "ఏరా పులిరాజా!" అంటారు. ఆ జోకు పుట్టుపూర్వోత్తరాలు చదివితే మాత్రం నవ్వు రాలేదు. మన బుర్రలో ఉన్న బగ్గుని అంత సూటిగా పట్టుకున్న ప్రకటన ఇంకోటి నాకు కనబడలేదు మరి.

అంతకు ముందు ఎయిడ్స్ ప్రచారమంటే భయపెట్టడమే. 1987లో ఆస్ట్రేలియా టీవీలో మృత్యువు బౌలింగ్ ఆడుతూ మనుషుల్ని పిన్నుల్లా పడగొట్టింది. అదే ఏడాది బ్రిటన్‌లో సమాధి రాయిని చూపించి, ఇంటింటికీ కరపత్రం పంపారు. భయం వల్ల జనం మేలుకున్నారు, నిజమే. కానీ భయపడ్డవాడు "అది వేరేవాళ్ళ రోగంలే" అని తప్పుకోవడం కూడా నేర్చుకుంటాడు. ఆస్ట్రేలియాలో ఆ మృత్యువంటే స్వలింగ సంపర్కులేనని చాలామంది అనుకున్నారని తర్వాత విమర్శలొచ్చాయి.

2002 చివర్లో ముంబైలో పీఎస్ఐ అనే సంస్థ దారి మార్చింది. బల్బీర్ పాషా అనే కల్పిత పాత్రని సృష్టించి, అతనికి ఎయిడ్స్ వస్తుందా అని ఊరంతా అడిగింది. అతని తమిళ, తెలుగు తమ్ముళ్ళే పుళ్ళిరాజా, పులిరాజా. బల్బీర్ చేత చెప్పించిన సాకులు మూడు:

1. మందేసినప్పుడు కండోమ్ గుర్తుండదు.
2. నేను మంజుల ఒక్కదాని దగ్గరికే వెళ్తాను. (మంజుల దగ్గరికి ఇంకెంతమంది వస్తారో?)
3. మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తోందిగా!

ఈ మూడింట్లో దేనికీ తెలియకపోవడం కారణం కాదు. కండోమ్ సంగతి వాడికి తెలుసు.

మొదటి సాకుని 1990లో స్టీల్, జోసెఫ్స్ అనే సైకాలజిస్టులు వివరించారు. తాగినవాడికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, రేపటి పర్యవసానం మసకబారుతుంది. రెండోది నమ్మకం. పరిచయం పెరిగేకొద్దీ రిస్కు తగ్గిందనిపిస్తుంది, నిజానికి తగ్గింది జాగ్రత్త. మూడోదాని సంగతి వైరస్సే చెబుతుంది: వైద్యం లేకపోయినా ఏళ్ళ తరబడి లక్షణాలు బయటపడకపోవచ్చు. వీటన్నిటి కిందా ఉన్నది "నాకెందుకొస్తుంది?" అనే ధీమా. చెడు పక్కవాడికే జరుగుతుందని మనుషులు సగటున ఎలా నమ్ముతారో నీల్ వైన్‌స్టీన్ 1980లోనే చూపించాడు.

అయితే ఈ ప్రకటనల్లో లోపం లేదా? ఉంది. రోగం మంజుల నుంచే వస్తుందన్నట్టు చూపించారని ముంబైలో మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. న్యాయమైన మాటే. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో హెచ్ఐవీ దాదాపు 1 శాతం, దేశం మొత్తమ్మీద 0.28. బాధితుల్లో భర్త తప్ప వేరే మనిషిని ఎరగని ఇల్లాళ్ళు ఎందరో. కండోమ్ అడిగితే "నామీద అనుమానమా?" అంటాడాయన. ఆమెకి నమ్మకమే రిస్కయింది. ఆమె కోసం ఏ హోర్డింగూ లేదు.

ఇంకో సంగతి. బుర్ర మారితే చాలదు, పరిస్థితీ మారాలి. కోల్‌కతా సోనాగాచిలో 1992లో మొదలైన ప్రాజెక్టు సెక్స్ వర్కర్లనే కార్యకర్తల్ని చేసింది. ఒక్కతే "కండోమ్ లేకుండా కుదరదు" అంటే కస్టమర్ పక్కింటికి పోతాడు. అందరూ అంటే ఎక్కడికి పోతాడు? 2003లో మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో మొదలైన అవాహన్ కార్యక్రమం కూడా ఇలా సాటి మహిళల ద్వారానే పనిచేసింది. దానివల్ల 2008 నాటికి సుమారు లక్ష ఇన్ఫెక్షన్లు తప్పాయని 2011లో లాన్సెట్ పత్రికలో ఒక అంచనా వచ్చింది.

ఇప్పుడు మందులున్నాయి. 2004 నుంచి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. సరిగ్గా వాడి, రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గించుకున్నవాళ్ళ నుంచి సెక్స్ ద్వారా ఇతరులకి సోకదు. రిస్కు జరిగిపోయిందనుకుంటే 72 గంటల్లోపు డాక్టర్ని కలిస్తే నివారణకీ మందులున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష ఉచితం, గోప్యం. ఇన్ని ఉన్నా మనవాళ్ళు పరీక్షకి వెళ్ళరు. ఎందుకంటే అది లారీ డ్రైవర్ల రోగం, మనం ఇంజనీర్లం!

వీకెండ్ పార్టీ, "తను అలాంటిది కాదు", "చూస్తే ఫిట్‌గా ఉన్నాడు"... సాకులు అవే, యాసే మారింది. పులిరాజా పేరు తీసేసి అక్కడ మీ పేరు పెట్టుకుని ఆ ప్రశ్న ఒకసారి చదవండి. ఇంకా జోకులాగే ఉందా?