దత్తత గ్రామం: జాతీయ సేవా పథకంలో గుర్తింపు చరిత్ర

విశ్వవిద్యాలయమూ ఊరూ కలిసి చేసిన పనికి లభించే గుర్తింపు ఎవరికి చెందుతుంది? భారతదేశంలో ఈ ప్రశ్నను పరిశీలించడానికి జాతీయ సేవా పథకం చరిత్ర ముఖ్యమైన ఆధారం.

విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేయాలన్న ఆలోచనను రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం ముందుకు తెచ్చింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ సంఘం నిర్బంధ సేవను ప్రతిపాదించింది. ఇతర దేశాల అనుభవాన్ని అధ్యయనం చేసిన కె.జి. సయ్యదైన్ 1960లో స్వచ్ఛంద మార్గాన్నే సమర్థించారు. చివరకు గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో ఈ పథకాన్ని ప్రారంభించారు. తొలి ఏడాది 40,000 మంది విద్యార్థులు చేరారు. సేవ నిర్బంధమా, స్వచ్ఛందమా అన్న ఈ చర్చకు కేంద్రం విద్యార్థే.

అయితే పథకం లక్ష్యాలలో ఊరికి చోటుంది. సమాజ అవసరాలను గుర్తించడం, వాటి పరిష్కారంలో ప్రజలను భాగస్వాములను చేయడం వాటిలో ఉన్నాయి. ఆచరణలో ఈ సంబంధానికి స్థిరపడిన పేరు 'దత్తత గ్రామం'. ఈ మాట గమనింపదగినది. మన సంప్రదాయంలో దత్తుడు తీసుకున్నవారి ఇంటిపేరు పొందుతాడు, ఆస్తిలో హక్కు పొందుతాడు. దత్తత గ్రామానికి ఈ రెండూ లేవు. బిడ్డకున్న అధీనత మాత్రమే దానికి మిగిలింది.

పురస్కారాల చరిత్ర ఈ లోపాన్ని స్పష్టం చేస్తుంది. పథకం రజతోత్సవ సందర్భంగా 1993-94లో జాతీయ పురస్కారాలు ఏర్పడ్డాయి. అవి విశ్వవిద్యాలయాలకు, యూనిట్లకు, కార్యక్రమాధికారులకు, విద్యార్థి సేవకులకు లభిస్తున్నాయి. శిబిరానికి చోటిచ్చిన ఊరికి, విద్యార్థులతో కలిసి పలుగూ పారా పట్టిన రైతుకు, కూలీకి ప్రత్యేక విభాగం లేదు. రెండేళ్లలో విద్యార్థి చేసిన 240 గంటల సేవకు లెక్క ఉంది. గ్రామస్థులు వెచ్చించిన కాలానికి లెక్క లేదు.

అమెరికాలో సేవాధార అభ్యసనాన్ని తీర్చిదిద్దినవారిలో ఒకరైన రాబర్ట్ సిగ్మన్ 1979లో మూడు సూత్రాలు ప్రతిపాదించారు. అందే సేవపై దాన్ని పొందేవారికే నియంత్రణ ఉండాలన్నది మొదటిది. 2006లో కార్నెగీ సంస్థ సమాజ భాగస్వామ్యం ఆధారంగా విద్యాసంస్థలను వర్గీకరించినప్పుడు పరస్పర ప్రయోజనాన్ని అందులో భాగం చేసింది. అక్కడ కూడా గుర్తింపు పొందేది విద్యాసంస్థే అయినా, భాగస్వామ్యం ఎలా సాగిందన్నది పరిశీలనాంశమైంది.

మన పథకంలో ఇది అసాధ్యం కాదు. శిబిరానికి ముందు పని ఎంపికను గ్రామసభ నిర్ణయించాలి. ముగిశాక నివేదిక తెలుగు ప్రతి పంచాయతీకి చేరాలి. పురస్కారానికి పంపే దరఖాస్తులో విద్యార్థుల పేర్ల పక్కనే గ్రామస్థుల పేర్లు, వారి అభిప్రాయం నమోదు కావాలి. పథకం తన లక్ష్యాలలో రాసుకున్న భాగస్వామ్యం పురస్కారాలలోనూ కనిపించేది అప్పుడే.