సంస్కరించుట

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల నాటి సంగతి ఇది. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒకడు నాలుగు రోజులు బడికి రాక, ఐదవ రోజున సెలవుచీటీ తెచ్చి ఇచ్చాడు. "మా తాతగారిని సంస్కరించుటకు ఊరికి వెళ్ళితిమి" అని అందులో ఉంది. "మీ తాతగారిని సంస్కరించడానికి నీవెవడవురా?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఎర్రసిరాతో ఆ మాట కొట్టివేసి, పైన "దహనము చేయుటకు" అని దిద్దాను. వాడు తల వంచుకొని కూర్చున్నాడు.

నాకు ఆనాడు తోచిన అర్థం ఒక్కటే: చెడినదానిని బాగుచేయుట. సంస్కర్త అనగానే కందుకూరి వీరేశలింగం పంతులుగారు, 1881లో రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన వితంతు వివాహం మనకు గుర్తుకు వస్తాయి. సంఘసంస్కరణోద్యమంతో ఆ అర్థమే ప్రబలి, పాత అర్థం మరుగున పడింది.

'సమ్' ఉపసర్గకు 'కృ' ధాతువు చేరినప్పుడు, అలంకరించుట అనే అర్థంలో నడుమ సకారం ఆగమంగా వస్తుందని పాణినీయం. సంస్కృతము, సంస్కారము అనే మాటలు అలా పుట్టినవే. షోడశ సంస్కారాలలో చివరిది అంత్యేష్టి. ఇష్టి అంటే యజ్ఞం. దేహమే అందులో ఆహుతి. కనుక సంస్కరించుట అంటే కేవలం కాల్చుట కాదు, విధిపూర్వకంగా అగ్నికి సమర్పించుట.

వాల్మీకి రామాయణం అరణ్యకాండలో జటాయువును దహనం చేసే వేళ రాముని నోట వచ్చేది 'సంస్కృత' శబ్దమే. యుద్ధకాండలో రావణుని అంత్యక్రియలకు విభీషణుడు వెనుకాడినప్పుడు, రాముడు చేయమన్నదీ 'సంస్కార'మే. మిత్రునికీ శత్రువుకూ ఒకే మాట!

మన తెలుగు క్రియలు చూడండి. కట్టెలనైనా కాలుస్తాము, చెత్తనైనా తగలబెడతాము. 'తగలేయు' అన్నది డబ్బు దుబారాకు తిట్టుగా మారింది. తాతగారి విషయంలో ఇవేవీ వాడడానికి ఆ పిల్లవానికి మనసొప్పలేదు కాబోలు. ఇంట్లో పెద్దలు అన్న మాటనే గౌరవంగా రాశాడు.

ఆ సర్గలు నేను అప్పటికే చదివి ఉన్నాను. అయినా సమయానికి స్ఫురించలేదు. పదవీ విరమణ తరువాత పారాయణలో జటాయువు ఘట్టం వచ్చినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. వాడిప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలియదు. వాడు రాసిన మాట సరియైనదేనని ఇన్నేళ్ళకు ఇక్కడ రాసుకొంటున్నాను.

మీ ఇళ్ళలో పెద్దలు ఈ సందర్భంలో ఏ మాట వాడేవారో తెలుపగలరు.