దేవసహాయం అనే పేరు



దేవసహాయం అనే పేరు మీరు విని ఉంటారు. మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో, ముఖ్యంగా తాతల తరంలో, ఆ పేరు గలవారు చాలామందే ఉన్నారు. బైబిలులోని లాజరు పేరుకు అది భారతీయ రూపం. హెబ్రీ భాషలో ఎలియాజరు, అంటే దేవుడు సహాయం చేశాడని అర్థం. ఆ పేరు స్వీకరించి ఏడేళ్ళు తిరగకముందే ఒక మనిషిని కొండమీద తుపాకులతో కాల్చి చంపారు. మరి ఆ సహాయం ఏమైనట్టు? ఈనాటి ప్రసంగం ఆయన గురించే.

ఆయన అసలు పేరు నీలకంఠ పిళ్ళై. 1712 ఏప్రిల్ 23న నట్టాలంలో పుట్టాడు. నట్టాలం నేటి కన్యాకుమారి జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో అది తిరువాన్కూరు రాజ్యం. 1956 నవంబరు 1న ఆ ప్రాంతాన్ని మద్రాసు రాష్ట్రంలో కలిపారు. మనుషులు కదలకుండానే ఎల్ల కదలడమంటే ఏమిటో, సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

నీలకంఠుడు మార్తాండవర్మ మహారాజు కొలువులో ఉద్యోగి. 1741లో కొళచ్చల్ యుద్ధంలో డచ్చివారు ఓడిపోయారు. వారి సేనలోని డిలనాయ్ అనే అధికారి మహారాజుకు బందీగా చిక్కి, తరువాత ఆయన సైన్యాన్నే తీర్చిదిద్దాడు. ఉదయగిరి కోట పనుల దగ్గర నీలకంఠుడికీ, ఈ డిలనాయ్‌కీ స్నేహం కలిసింది. అప్పట్లో నీలకంఠుడి ఇంట్లో కష్టాలు, నష్టాలు. డిలనాయ్ ఆయనకు యోబు కథ చెప్పాడంటారు. సర్వం పోగొట్టుకున్నా దేవుణ్ణి విడవని యోబు కథ అది. ఓదార్చడానికి ఎన్నో తేలికపాటి కథలుండగా, చివరిదాకా కష్టాలే ఉన్నట్టు తోచే ఆ కథను ఎంచుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది.

1745 మే 14న వడక్కన్‌కుళంలో బుత్తారి అనే యేసు సభ గురువు ఆయనకు జ్ఞానస్నానం ఇచ్చారు. వడక్కన్‌కుళం ఆరల్వాయ్‌మొళి కనుమ దాటి అవతల, తిరువాన్కూరు ఎల్లకు వెలుపల ఉంది. అది మదురై మిషన్ పరిధిలోని ఊరు. ఆ మిషన్‌ను నడిపించిన రాబర్టో డి నోబిలి, అంటే తత్త్వబోధక స్వామి, 1606లో మదురై చేరేనాటికి అక్కడ పాలించేది తెలుగు నాయకరాజులే. నీలకంఠుడి భార్య భార్గవి కూడా జ్ఞానస్నానం పొంది జ్ఞానపూ అయింది. తమిళంలో పూ అంటే పువ్వు.

1749లో ఆయనను బంధించారు. ఎందుకని అడిగితే ఇప్పటికీ రెండు జవాబులు వినిపిస్తాయి. మతం మారి, కులం పట్టింపు లేకుండా అందరితో కలిసి మెలగడమే ఆయన చేసిన నేరమని క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది. రాజద్రోహం వల్లనే శిక్షించారనీ, మతహింసకు ఆధారం లేదనీ వాదించిన చరిత్రకారులున్నారు. మీరు ఈ రెండింటినీ మరీ విడదీసి చూడకండి. 1750లో మార్తాండవర్మ తన రాజ్యాన్నంతా శ్రీ పద్మనాభస్వామికి సమర్పించి, తాను స్వామి దాసుడిగా పరిపాలించాడు. అటువంటి కొలువులో ఒక ఉద్యోగి వేరే దేవుణ్ణి నమ్మితే, అది అతని సొంత వ్యవహారంగా మిగులుతుందా?

తరువాత మూడేళ్ళు నరకం. ఎనుబోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా ఊరేగించారు. కొట్టి, గాయాలకు కారం పూశారు. పెరువిళైలో వేపచెట్టుకు కట్టివేశారు. పులియూరుకురిచ్చిలో దాహంతో రాతిని మోచేతితో తడితే నీరు ఊరిందని అక్కడివారు నేటికీ చూపిస్తారు. దాన్ని నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నన్ను ఆకట్టుకునేది ఆ నీటి ఊట కాదు. చెట్టుకు కట్టేసి ఉన్న ఆ మనిషి దగ్గరికి జనం తమ బాధలు చెప్పుకోవడానికి వచ్చేవారట! కాపలావాళ్ళు కూడా మెత్తబడ్డారట. రక్షణ లేనివాడి దగ్గర ఇతరులకు ఏదో రక్షణ దొరికిందన్నమాట.

బైబిలులో దానియేలు గ్రంథం మూడో అధ్యాయం మీలో చాలామంది చదివే ఉంటారు. ముగ్గురు యువకులను అగ్నిగుండంలో వేయబోతారు. మా దేవుడు మమ్మల్ని తప్పించగలడు, ఒకవేళ తప్పించకపోయినా నీ విగ్రహానికి మొక్కం, అని వారు రాజుతో చెబుతారు. మనం పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు వారు మంటల్లోంచి బయటపడడం మీదే ఊదరగొడతాం. ఆ రెండో మాటను మాత్రం గబగబా దాటేస్తాం. కాని ఆ మాట అన్నప్పుడు తాము బతుకుతామని వారికి తెలియదు కదా. దేవసహాయానిదీ అదే మాట. తన నమ్మకాన్ని వదులుకుంటే విడిచిపెడతామని చెప్పినా ఆయన ఒప్పుకోలేదని సంప్రదాయం.

1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కాట్టాడిమలై మీద సిపాయిలు ఆయనను కాల్చి చంపారు. ఏ కనుమ దాటి వెళ్ళి జ్ఞానస్నానం పొందాడో ఆ కనుమ దగ్గరే. మిగిలిన అస్థికలను తెచ్చి కోట్టారులోని ఫ్రాన్సిస్ జేవియర్ దేవాలయంలో పాతిపెట్టారు. నాలుగేళ్ళ తరువాత, 1756లో, కొచ్చిన్ బిషప్ ఈ సంగతిని రోముకు నివేదించారు.

ఆ నివేదిక అందిన రోముకు ఆయనను వేదసాక్షిగా గుర్తించడానికి రెండు వందల యాభై ఏళ్ళకు పైనే పట్టింది. 2012 డిసెంబరు 2న ధన్యుడిగా, 2022 మే 15న పునీతుడిగా ప్రకటించారు. భారతదేశంలో గురుత్వం లేని సామాన్య విశ్వాసి పునీతుడు కావడం అదే మొదలు. ప్రకటించేటప్పుడు పిళ్ళై అనే కులం పేరు తీసివేశారు. అలా తీసివేయమని కోరినవారు తమిళనాడులోనే ఉన్నారు. కులం చూడకుండా కలిసి తిన్న మనిషికి కులం తోక ఎందుకని వారి వాదం.

జ్ఞానపూ మాత్రం నట్టాలానికి తిరిగి పోలేదంటారు. కనుమకు అవతల, వడక్కన్‌కుళంలోనే ఉండిపోయి, అక్కడే కన్నుమూసింది.