మీట నొక్కేది మనం, మాట చెల్లేది ఎవరిది?

ఒకప్పటి ల్యాప్‌టాపుల అంచున యాంటెనా బొమ్మతో చిన్న మీట ఒకటి ఉండేది. నొక్కితే వైర్‌లెస్ రేడియో ఆగాలి, మళ్ళీ నొక్కితే మేలుకోవాలి. ఈ పాటి పని లినక్సు కెర్నెలు రచయితలను ఏళ్ళ తరబడి వేధించిందంటే నమ్మబుద్ధి కాదు. నొక్కింది మనిషే అయినా ఆ నొక్కుకు అర్థం చెప్పే అధికారం ఎవరిదన్న చిక్కు అందులో దాగి ఉంది మరి.

2003 మార్చిలో ఇంటెల్ సంస్థ సెంట్రినోను విడుదల చేశాక ల్యాప్‌టాపులలో వైఫై సాధారణమైంది. విమానంలో రేడియోను ఆపాలి, బ్యాటరీనీ కాపాడుకోవాలి. అందుకని తయారీదారులు మీట పెట్టారు. కానీ తలా ఒక దారి పట్టారు. కొన్నిటిలో జారుడుమీట నేరుగా కార్డునే ఆపేది. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులో 20వ పిన్ను ఉన్నది అందుకే. కొన్నిటిలో బయాస్ తానే రేడియోను ఆపి, ఆపైన ఆపరేటింగ్ సిస్టముకు కబురు పెట్టేది. ఇంకొన్నిటిలో అది వట్టి కీబోర్డు మీట. నొక్కితే ఒక సంకేతం మాత్రం వచ్చేది. విండోసులో తయారీదారు సాఫ్టువేరు దానిని అందుకొనేది. లినక్సులో అది తెలియని మీటగా లాగులో నమోదై ఊరుకొనేది.

తొలి పరిష్కారాలు ఏ యంత్రానికి ఆ మందు అన్నట్లుండేవి. తైవానుకు చెందిన విస్ట్రాన్ తయారుచేసిన ల్యాప్‌టాపుల కోసం 2005లో రాసిన డ్రైవరు నేరుగా బయాస్‌ను పిలిచి మీటల సంగతి అడిగేది. ఒక్కొక్క మోడలుకు ఒక్కొక్క పట్టిక రాసుకోవలసి వచ్చింది.

ఈ గందరగోళానికి ఒక కట్టుబాటు 2007లో వచ్చింది. ఈవో వాన్ డోర్న్ రాసిన ఆర్ఎఫ్‌కిల్ వ్యవస్థ 2.6.22 కెర్నెలులో చేరింది. వైఫై, బ్లూటూత్ వంటి రేడియోలన్నిటికీ ఉమ్మడి ద్వారం ఏర్పడింది. అయితే మీట నొక్కడం వేరు, రేడియో స్థితి వేరు అన్న వివేకం ఇంకా పూర్తిగా కుదరలేదు. ఒకే నొక్కును బయాసూ, కెర్నెలూ రెండూ అందుకుంటే ఒకటి ఆపినదాన్ని రెండవది తిరిగి లేపే ప్రమాదం ఉండేది.

2009లో 2.6.31 కెర్నెలుతో వచ్చిన యోహానెస్ బెర్గ్ పునర్రచన ఈ ముడిని విప్పింది. సాఫ్టువేరు వేసిన అడ్డు వేరు, యంత్రం వేసిన అడ్డు వేరు. మొదటిదానిని సాఫ్టువేరు తొలగించగలదు. రెండవదానిని తొలగించలేదు, ఉందని చెప్పగలదు, అంతే. పైకి సాంకేతిక వివరంలా కనిపించినా ఇది ఒక న్యాయసూత్రం: మనిషి చేత్తో వేసిన గడియను ప్రోగ్రాము తీయరాదు.

2012లో విండోస్ 8 వచ్చాక గాలి మళ్ళింది. చాలా యంత్రాలలో మీట స్వయంగా ఏమీ చేయక, ఆపరేటింగ్ సిస్టముకు విన్నపం మాత్రం చేసుకొనసాగింది. అటువంటి హెచ్‌పీ మీటల కోసం 2014లో, డెల్ మీటల కోసం 2015లో కెర్నెలులో డ్రైవర్లు చేరాయి. డెల్ డ్రైవరు రెండు జాతులను వేరుగా గుర్తిస్తుంది. జారుడుమీటకు తన స్థితి తనకు తెలుసు. నొక్కుమీటకు తనను నొక్కారని తప్ప మరేమీ తెలియదు.

ఒకసారి నా ల్యాప్‌టాపులో వైఫై మాయమైతే గంటసేపు డ్రైవరును తిట్టుకొన్నాను. తీరా చూస్తే, సంచిలో పెట్టేటప్పుడు జారుడుమీట పక్కకు జరిగింది. ఏ ఆదేశమిచ్చినా యంత్రం నా మాట వినలేదు. అప్పుడు విసుగు పుట్టింది కానీ, ఇప్పుడు తలుచుకొంటే ఆ మొండితనం మీద గౌరవం కలుగుతున్నది. రేడియో ఆగిందని నేడు తెర మీది బొమ్మ చెబుతుంది, మనం నమ్ముతాం. నాడు వేలికి తెలిసేది.