అపవాది: ఒక మాట చరిత్ర

మా తండ్రిగారు రాత్రి భోజనమైన పిదప కిరసనాయిలు దీపము ముందట కూర్చుండి తెలుగు బైబిలులో ఒక అధ్యాయమును బిగ్గరగా చదువుచుండెడివారు. బరంపురములో మా వీధివారందరు తెలుగువారే. కాని బజారులో ఒడియా, బడిలో ఒడియా, ఇంగ్లీషు. గ్రంథస్థమైన తెలుగు నా చెవిని బడినది ఆ దీపపు వెలుతురులోనే. అందు ఒక మాట నన్ను బాల్యమున భయపెట్టినది, ఉద్యోగకాలమున మరపునకు వచ్చినది, ఈ ముదిమిలో సిగ్గుపరచుచున్నది. ఆ మాట "అపవాది". మెట్రిక్యులేషను మాత్రము చదివి, ముప్పదియేండ్లకు పైగా దస్త్రములు మోసిన నావంటి గుమాస్తా పండితులతో సమముగా ఈ సంచికలో చరిత్ర వ్రాయబూనుట సాహసమే యగును. అయినను చదివినంతలో తెలిసికొన్నది పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

సైతాననగానే కొమ్ములును తోకయు గల నల్లని రూపము మనకు తోచును. ఆ రూపము బైబిలునందు లేదు. నడిమి యుగముల ఐరోపా చిత్రకారులు దానిని తీర్చిరి. హీబ్రూ భాషలో "సాతాను" అనగా ఎదిరి, ప్రతికక్షి అని అర్థము. బిలాము కథలో త్రోవకు అడ్డుపడిన దేవదూతకే ఈ మాట వాడబడినది. యోబు గ్రంథమునను, జెకర్యా ప్రవచనమునను సాతాను దేవుని సన్నిధిని నిలిచి మనుష్యులపై నేరము మోపుచుండును. క్రీస్తునకు పూర్వము 3వ, 2వ శతాబ్దములలో అలెగ్జాండ్రియా యూదులు తమ గ్రంథములను గ్రీకులోనికి మార్చునప్పుడు ఈ మాటకు "దియాబొలోస్" అని పెట్టిరి. కొండెములు చెప్పువాడు, లేనిపోని నిందవేయువాడు అని దాని భావము. ఇంగ్లీషువారి "డెవిల్" దీనినుండి పుట్టినదే.

ఈ మాట తెలుగునకు వచ్చిన త్రోవయు పొడవైనది. తరంగంబాడి మిషను నుండి 1726లో మద్రాసు చేరిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకుడు 1732 నాటికి బైబిలును తెలుగు చేసెను గాని ఆ కృతి అచ్చుపడలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనువారు మరల అనువాదమునకు పూనుకొనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ పండితుడు వారికి తోడ్పడెను. ప్రిచెట్టు దొర చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున అచ్చయినది. సంపూర్ణ గ్రంథము 1854లో వెలువడినది. నేడు మనము చదువు తెలుగు బైబిలులో సాతాను, దయ్యము, దుష్టుడు, శోధకుడు అను మాటలు వేరువేరు తావుల నున్నవి. "దియాబొలోస్" వచ్చిన పెక్కు తావుల మాత్రము "అపవాది" అని యున్నది. ఇంగ్లీషు చదువువానికి "డెవిల్" వట్టి పేరు. తెలుగు చదువువానికి "అపవాది" యనగానే వాని వృత్తి కూడ తెలియును.

నింద యెంత భయంకరమో తెలుగువారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు. వినాయకచవితినాడు శమంతకమణి కథ విని అక్షతలు శిరస్సున దాల్చుట నీలాపనిందలు రాకుండుటకే గదా. శ్రీకృష్ణునంతవానికే తప్పని అపనింద మనకు తప్పునా యని మా ఇరుగుపొరుగు హిందూ సోదరులు అనుచుందురు. ఈ భయము మతమునకు మించినది.

ఇక సిద్ధాంతము. అపవాది దేవునికి సమానుడైన రెండవ దేవుడని క్రైస్తవము ఎన్నడును అంగీకరింపలేదు. 3వ శతాబ్దమున మాని అనునతడు వెలుగు, చీకటి అను రెండు మూలతత్త్వములు అనాదిగా పోరాడుచున్నవని బోధించెను. అగస్టీను యౌవనమున తొమ్మిదేండ్లు ఆ మతమును అనుసరించి, పిదప విడిచి, కీడునకు స్వతంత్రమైన సత్తలేదనియు, మేలు కొరవడుటయే కీడనియు వాదించెను. 1215లో కూడిన నాలుగవ లాటెరన్ మహాసభ, అపవాదియు ఇతర దురాత్మలును దేవునిచే మంచివారుగానే సృజింపబడి తమంతట తామే చెడిరని నిర్ణయించినది. దీని ఫలితము గొప్పది. ఏ ప్రాణియు పుట్టుకచేత చెడ్డది కాదు, చెడుగు ఎన్నుకొనబడునదే. కావున ఎదిరింపబడగలదు.

ఎదిరించుట యెట్లు? 4వ శతాబ్దమున యెరూషలేములో బాప్తిస్మము పొందువారు మొదట పడమటి దిక్కునకు తిరిగి, చేయి చాచి, సాతానుతోను వాని క్రియలతోను తమకు పొత్తు లేదని పలికి, పిమ్మట తూర్పునకు తిరిగి విశ్వాసమును ఒప్పుకొనెడివారు. సూర్యుడు క్రుంకు దిక్కు చీకటికి గుర్తు. ఈ వివరము సిరిలు అను బిషప్పు పేరిట నిలిచిన ఉపదేశములలో నున్నది. అచ్చట ఎవరును పొరుగువానివైపు వ్రేలు చూపలేదు. ప్రతివాడును తన చీకటిని తానే విడిచెను.

అదే శతాబ్దమున ఐగుప్తు ఎడారులకు పోయిన సన్న్యాసులు ఈ పోరును శాస్త్రముగ అభ్యసించిరి. వారిలో ప్రసిద్ధుడు 356లో గతించిన అంతోని. అతని చరిత్రను అథనాసియసు వ్రాసెను. ఆ సన్న్యాసులలో ఎవాగ్రియసు (345–399) నాకు మిక్కిలి ఇష్టుడు. మనస్సునకు వచ్చు దుస్తలంపులను అతడు ఎనిమిదిగా విభజించెను: తిండిపోతుతనము, కామము, ధనాశ, దుఃఖము, కోపము, నిరుత్సాహము, డంబము, గర్వము. ఇవి కాసియను అను శిష్యుని ద్వారా పడమటికి పోయి, 590 నుండి 604 వరకు పోపుగా నున్న గ్రెగొరీ చేతిలో మారి, నేడు వినవచ్చు ఏడు మహాపాపములకు మూలమైనవి. కామక్రోధలోభమోహమదమాత్సర్యములను అరిషడ్వర్గమని నేర్చిన మనకు ఈ పట్టిక పరాయిది గాదు. అరి యనగా శత్రువే. ఆ శత్రువు లోపలనే యున్నాడని ఇరువురును చెప్పిరి.

పైవానిలో నిరుత్సాహమును ఎవాగ్రియసు "మధ్యాహ్నపు దయ్యము" అనెను. అది పట్టిన సన్న్యాసి సూర్యుడు కదలుటలేదని మాటిమాటికి కిటికీవైపు చూచును. ఎవరైన వత్తురేమో యని తలుపు తెరచును. ఈ చోటు, ఈ పని తనకు తగవని తలపోయును. మధ్యాహ్నము రెండు గంటలకు కచేరీలో కూర్చున్నవారెవరైనను ఈ దయ్యమును ఎరుగుదురు. మందు కూడ అతడు చెప్పెను. తలంపును పేరుపెట్టి గుర్తింపవలెను, దానికి తగిన వేదవాక్యముతో బదులు చెప్పవలెను, చోటు విడువరాదు. తలంపులను పెద్దల యొద్ద దాచక చెప్పుట ఆ ఎడారివారి నియమము. వేయేండ్లకు పైబడిన తరువాత లొయోలా ఇగ్నాసియసు కూడ శత్రువు రహస్యమును కోరుననియు, గుట్టు రట్టయినప్పుడు వాని బలము పోవుననియు బోధించెను.

ఎఫెసీయుల పత్రికలో విశ్వాసి ధరింపవలసిన కవచము వర్ణింపబడినది. నడుమునకు సత్యము, రొమ్మునకు నీతి, చేతికి విశ్వాసమను డాలు. అచ్చటనే మన పోరు రక్తమాంసములుగల వారితో కాదని స్పష్టముగ హెచ్చరింపబడినది. క్రైస్తవులు ఈ హెచ్చరికను మరచిన కాలము చరిత్రలో వచ్చినది. దానిని దాచుట చరిత్ర వ్రాయువానికి ధర్మము గాదు.

మొదట సంఘము ఇట్లుండలేదు. సుమారు 906 నాటి ఒక సంఘశాసనము, స్త్రీలు రాత్రివేళ ఆకాశమున ఎగురుదురనుట భ్రమయని చెప్పినది. కాని 15వ శతాబ్దము నుండి 18వ శతాబ్దము వరకు ఐరోపాలో న్యాయస్థానములు సైతానుతో పొత్తు చేసినారని వేలకొలది జనమును శిక్షించినవి. నలుబది నుండి అరువది వేలమంది చంపబడిరని నేటి చరిత్రకారుల అంచనా. అందు హెచ్చుమంది స్త్రీలు. రోమను సంఘమువారును, ప్రొటెస్టంటులును ఉభయులును ఈ దోషమున భాగస్వాములే. పట్టుబడిన స్త్రీని చిత్రహింస పెట్టుదురు. బాధకు తాళలేక ఆమె మరి నలుగురి పేర్లు చెప్పును. ఆ నలువురిని పట్టుదురు. ఫ్రెడరిక్ స్పే అను జెసూట్ గురువు 1631లో తన పేరు లేకుండ ఒక లాటిను గ్రంథము ప్రకటించి, హింసచే పలికించిన మాట సాక్ష్యము గాదనియు, ఈ పద్ధతిని ఎవరిని పట్టినను నేరస్థులే యగుదురనియు వాదించెను. పేరు దాచుకొనవలసినంత భయము ఆనాడుండెను.

అమెరికాలో సేలము అను ఊర 1692లో జరిగినది మరియొక కథ. ఫలానా స్త్రీ రూపము నా కంటికి కనబడి నన్ను పీడించినదని బాలికలు చెప్పగా కోర్టు నమ్మినది. 19 మంది ఉరితీయబడిరి. జవాబు చెప్పనొల్లని ఒక వృద్ధుడు బండరాళ్ల బరువున నలిగి చచ్చెను. ఆ యేటి అక్టోబరులో ఇంక్రీజ్ మేథర్ అను బోధకుడు, సైతాను నిరపరాధి రూపమును కూడ దాల్చగలడు గావున అట్టి సాక్ష్యము చెల్లదని వ్రాసెను. ఆలోచింపుడు: ఎవడు అపవాది యని మనము నమ్ముదుమో, వాని చూపిన చూపునే సాక్ష్యముగ గైకొని తీర్పు చెప్పిరి! సైతానును వేటాడబోయి వాని కొలువులో చేరిరి. ఆ న్యాయాధిపతులలో శామ్యూల్ స్యూయల్ అను నతడు 1697 జనవరిలో ఉపవాసదినమున బోస్టను గుడిలో లేచి నిలువబడగా, అతని ఒప్పుకోలు చీటిని బోధకుడు సభవారందరు వినునట్లు చదివెను. నింద తనదేననియు, సిగ్గు తనదేననియు అందు వ్రాసియుండెను.

ఈ స్యూయల్ కథ చదివిననాడు నాకు నిద్రపట్టలేదు. కారణము చెప్పెదను. 1980ల చివర నేను పనిచేసిన ఒక కచేరీకి ఆకాశరామన్న అర్జీ యొకటి వచ్చినది. మా ప్యూను కాగితపు రీములు దొంగిలించి అమ్ముచున్నాడని దాని సారాంశము. ఆ అర్జీని దస్త్రమున చేర్చి పైవారికి పంపవలసినవాడను నేను. విప్పి చూడగానే చేవ్రాలు ఎవరిదో గుర్తుపట్టితిని. నా ప్రక్క బల్ల వద్ద కూర్చుండు స్నేహితునిది. వానికిని ప్యూనునకును పాత తగవున్నదని కూడ ఎరుగుదును. అయినను నోరు మెదపక, తగు చర్యకై సమర్పించడమైనదని వ్రాసి పంపితిని. ప్యూను ఏడు నెలలు సస్పెన్షనులో నుండెను. సరకు లెక్క చూడగా ఒక్క రీమైనను తక్కువ కాలేదు. మరల పనిలోనికి తీసికొనిరి గాని, అతని వెనుక "దొంగ" యను మాట ఉద్యోగవిరమణ వరకు నడచెను. అతడిపుడు లేడు. నేనతనికి నిజము చెప్పలేదు. ప్రతి ఆదివారము గుడిలో కీడునుండి తప్పింపుమని ప్రార్థించుచునే, వారమంతయు అపవాదికి గుమాస్తాగిరి చేసితిని.

ఇది పాతకాలపు మాట, పరదేశపు మాట యని త్రోసివేయరాదు. చేతబడి చేసినదని నిందించి విధవరాండ్రను, దిక్కులేనివారిని కొట్టి చంపుట మన చుట్టుపట్ల జరిగినందుననే 2013లో ఒడిశా ప్రభుత్వము ప్రత్యేకముగ చట్టము చేసినది. మహారాష్ట్రము అదే సంవత్సరమున, కర్ణాటకము 2017లో దురాచారముల నరికట్టు చట్టములు చేసినవి. మతిచలించినవారిని దయ్యము పట్టినదని కట్టివేయు ప్రార్థనాపరులకు కూడ ఒక మాట: రోమను సంఘము 1614లో ప్రకటించిన భూతోచ్చాటన విధిలోనే, దయ్యము పట్టినదని తొందరపడి నమ్మరాదనియు, వ్యాధి లక్షణములను వేరుపరచి చూడవలెననియు మొదటి నియమముగ నున్నది. 1999లో సవరించి ప్రకటించిన విధియు ఆ జాగ్రత్తను నిలిపినది. వైద్యుని పిలుచుట అవిశ్వాసము గాదు.

చదివిన చరిత్రనుండి నాకు తేలినదింతియే. అపవాదిని ఎదిరించుట యనగా ముందుగ వాని వృత్తిని మనము మానుకొనుట. చూడనిదానిని చూచితినని చెప్పకుండుట, సంతకము లేని మాటకు కాళ్లు ఇవ్వకుండుట, ఎరిగిన నిజమును స్నేహితునికై మ్రింగకుండుట. పిదప మన లోపలి తలంపులకు పేరుపెట్టి, నమ్మదగిన పెద్దలతో చెప్పుకొని, ప్రార్థనయందు నిలుచుట. ఎడారి సన్న్యాసులు చెప్పినదియు, తెలుగు అనువాదకులు ఒక్క మాటలో ఇమిడ్చినదియు ఇదియే.

ఆ ప్యూను కుటుంబము ఈ ఊరనే యున్నది. ఈ సంచిక వెలువడినపుడు ఒక ప్రతిని తీసికొని వారి ఇంటికి పోవలెనని నిశ్చయించుకొంటిని. వారేమందురో తెలియదు. స్యూయలునకు సభ యెదుట నిలువబడుటకు అయిదేండ్లు పట్టినది. నాకు ముప్పదియేండ్లు దాటినవి.