వీణావాదనము: చరిత్ర, సాధనక్రమము

సంగీతవాద్యములలో వీణకు గల గౌరవము లోకవిదితము. సరస్వతీదేవి కరముల వీణ నుంచి పూజించు జాతి మనది. అయినను నేడు వీణ యని మనము పిలుచు వాద్యమును, రెండువేల యేండ్ల క్రిందట ఆ పేరు వహించిన వాద్యమును ఒకటి కావు. ఈ భేదము తెలిసినచో సాధన యేల కావలెనో, సాధన తప్పిన యేమి నశించునో గూడ బోధపడును. కావున ఆ వృత్తాంతమును సంగ్రహముగా విన్నవింతుము.

అమరావతి స్తూపశిల్పములలో కానవచ్చు వీణ విల్లువలె వంగియుండును. ఒక కొనను దోనె వంటి తొట్టి, దానినుండి లేచిన వంపు కొమ్మ, ఆ రెంటి నడుమ బిగించిన తంతులు. మెట్లు లేవు, ఒక్కొక్క తంతి ఒక్కొక్క స్వరమునకే. పాశ్చాత్యులు హార్ప్ అనునదియు, ప్రాచీన తమిళుల యాళ్ అనునదియు ఈ జాతివే. నాలుగవ శతాబ్దమున సముద్రగుప్తుడు తన బంగారు నాణెములపై ఒడిలో నుంచుకొని వాయించుచున్నట్లు చెక్కించినదియు ఇట్టి వీణయే.

ఈ వీణను మీటు విధము నాట్యశాస్త్రమున విపులముగా నున్నది. ఏడు తంతుల చిత్రవీణ వ్రేళ్లతోను, తొమ్మిది తంతుల విపంచి కోణముతోను వాయింపబడునని భరతుడు చెప్పెను. మీటులను విస్తారము, కరణము, ఆవిద్ధము, వ్యంజనము అని నాలుగు ధాతువులుగా విభజించెను. వ్యంజన మొక్కదానిలోనే పది భేదములు గలవు. బొటనవ్రేలిని చిటికెనవ్రేలిని జోడించి మీటుట పుష్పము. ఎడమ బొటనవ్రేటి మీటునకు వేరొక పేరు గలదు. వ్రేలు వ్రేలునకు పనిని విభజించి పేరిడిన ఈ శాస్త్రమును చూడగా, వాదనము దైవదత్త మని చేతులు ముడుచుకొని కూర్చుండక, శిక్షవలన సాధింపవలసిన దని మన పూర్వులు తలచిరని స్పష్టమగును.

అట్టి విల్లువీణ కాలక్రమమున మన దేశమున మరుగుపడెను. ఒక తంతిపై పెక్కు స్వరములు పలికించి, స్వరమును జార్చి కంపింపజేయు దండవాద్యములు దాని స్థానము నాక్రమించెను. బర్మాదేశమున మాత్రము సౌంగ్ అను పేర ఆ జాతి వాద్యము నేటికిని జీవించియున్నది. అచటి వాదకులు ఎడమ బొటనవ్రేటితో తంతిని నొక్కి శ్రుతి నెక్కింతురు. మనకో, పది భేదముల పేర్లు గ్రంథమున మిగిలెనే గాని ఆ చేతివాటము మిగులలేదు. గురువు చేతినుండి శిష్యుని చేతి కందనిది శ్లోకములలో నున్నను నిలువదు.

మెట్ల వీణ చరిత్రలో మన ప్రాంతమునకు సన్నిహితసంబంధము గలదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరును గెలుచుకొనెను. ఆ విజయనగర రాజ్యముననే, అళియ రామరాయల కాలమున, 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించెను. రాగము మారినప్పుడెల్ల మెట్లను జరుపు ఏకరాగమేళవీణను, అన్ని రాగములకును చాలునట్లు మెట్లు నిలిపిన సర్వరాగమేళవీణను ఆయన వివరించెను. మెట్లు నిలిచిన వీణలో రాగచ్ఛాయ నంతయు ఎడమచేతి వ్రేళ్లే తేవలెను. కావున సాధనభారము హెచ్చెను.

ఆ భారమును మోయుటకు క్రమమేర్పడినదియు ఆ రాజ్యముననే. స్వరావళులు, జంటవరుసలు, అలంకారములు, గీతములు అను పాఠక్రమమును పురందరదాసు కూర్చెనని సంప్రదాయము. ఆ దాసపరంపరలో తరువాతివారైన విజయదాసు, గోపాలదాసు, మానవి జగన్నాథదాసు మన రాయచూరు సీమవారే. వారు చేత ధరించినది తంబుర యైనను, శ్రుతి చెదరక నిలుచు పాఠము వీణకును అదియే.

1609లో సోమనాథుడు రాగవిబోధమున వీణ మీటుల భేదములకు వ్రాతగుర్తులు కల్పించెను. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురమున ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు గ్రంథము. కంపితము, స్ఫురితము, నొక్కు, జారు మున్నగు గమకములు వీణపై ఎట్లు పుట్టునో అందు గుర్తులతో నున్నది. తెలుగు చదువ నేర్చిన బాలునకు ఈ నిధి సొంతము. చదువ నేరని వానికి తాళము వేసిన పెట్టె.

ఇక సాధన విషయము. మొదట శ్రుతి, శ్రుతి కలియని వీణపై చేసిన శ్రమ చెవిని చెడగొట్టును. వేసవిలో మైనము మెత్తబడి మెట్లు కదలుట గలదు. మన యెండల సీమలో వీణను గోడవేడికి దూరముగ నుంచవలెను. కుడిచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు మార్చిమార్చి మీటవలెను; చిటికెనవ్రేలు తాళపు తంతులను తప్పక పలికింపవలెను. ఎడమచేత తంతిని మెట్టుపై నొక్కి లాగునపుడు, చేరవలసిన స్వరమును ముందుగా నోట పాడుకొనుట మేలు. ప్రతి వరుసను విళంబమున శుద్ధము చేసి, పిదపనే రెండవ మూడవ కాలములకు పోవలెను. తప్పిన చోటును దాటి పరుగెత్తక, ఆ నాలుగు స్వరములనే పదిమార్లు నెమ్మదిగా వాయింపవలెను. వారమున కొకనాడు మూడు గంటలు కూర్చుండుటకంటె దినము అరగంట కూర్చుండుట శ్రేయస్కరము. వ్రేళ్ల కొనలు కాయగట్టునదియు, చెవి తీరునదియు నిత్యత్వము వలననే.

రాయచూరు కోటగోడపై 1294 నాటి తెలుగు శాసనము గలదు. తుంగభద్ర కాలువల వెంట సింధనూరు, మానవి ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన మన కుటుంబములకును ఈ నేల పరాయిది కాదు. వీణాపాఠమున మన బిడ్డ మొదట నేర్చునది పురందరదాసు కన్నడ గీతము. కన్నడిగుల బిడ్డ తరువాత నేర్చునది త్యాగరాజు తెలుగు కృతి. ఇంతకంటె చక్కని ఇరుగుపొరుగు మరెచ్చట నున్నది? పెద్దలు పిల్లలకు దినమున కొక అరగంటయు, ఒక ప్రశాంతమైన మూలయు సమకూర్చినచో చాలును. విల్లువీణకు పట్టిన గతి మెట్లవీణకు పట్టనీయకుండుట మన చేతులలో నున్నది.